దారం కట్టిన గ్లాసు

బేతనియపేట క్రైస్తవ సంఘ కమిటీ శుక్రవారం సాయంత్రం ఒక తీర్మానం చేసింది. చేసిన ఏడుగురు మగవాళ్లలో ఒక్కడికీ దాన్ని జీవమ్మ ముఖాన చెప్పే ధైర్యం లేకపోయింది. కాగితం మీద రాసి, ఆమె ఇంటి తలుపు కింది సందులోంచి లోపలికి తోసి వెళ్లిపోయారు. గత భాగం అక్కడ ఆగింది. కాగితంలో ఉన్నది ఇది. ఇకమీదట ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారాల్లో జీవమ్మ అందరి పానపాత్రలో తాగరాదు. ఆమెకు విడిగా ఒక గ్లాసు ఉంటుంది. గుర్తు కోసం దానికి దారం కడతారు. ఇరవై రెండేళ్లుగా సంస్కారానికి ద్రాక్షరసం కాచి ఇస్తున్నది ఆమే అయినా, ఈ నెలనుంచి రసం అంగడిలో కొంటారు.

ఆమె చేసిన నేరం ఒక్కటే. మంగంపేట గనిలో ముగ్గురాయి ఏరే కూలి ఆమె. కంటి పొర తీయించుకుందామని కడప పెద్దాసుపత్రికి వెళ్లింది. ఆపరేషనుకు ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి అనే కాలేయ రోగం ఉన్నట్టు తేలింది. అక్కడి సిస్టరమ్మ అన్నీ విడమరిచి చెప్పినా, చేతికిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉండటంతో, ఊళ్లో అందరూ చేసే పనే జీవమ్మా చేసింది. దాన్ని ఏసన్న చేతిలో పెట్టింది. ఏసన్న ఆ పేటకు సూదిమందు వైద్యుడు, సంఘానికి పెద్ద, ఇంగ్లీషు కాగితాలన్నిటికీ చదువరి. చదివాడు. చదివింది తన దగ్గర ఉంచుకోలేదు.

సోమవారం ఉదయం కడప నుంచి రక్తపరీక్షల బండి బేతనియపేటకు వస్తుంది. రమ్మని అడిగింది జీవమ్మే. తనకు సోకింది ఒక్కదానికే సోకి ఉండదని ఆమెకు తెలుసు. తెలిసిన మరో సంగతి: ఆదివారం తన ముందు దారం కట్టిన గ్లాసు పెట్టడం ఊరు చూస్తే, సోమవారం ఆ బండి దగ్గరకు ఒక్క ప్రాణి రాదు. రోగానికి భయపడేవాళ్లు పరీక్షకు వస్తారు. గ్లాసుకు భయపడేవాళ్లు రారు.

అందుకే ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని, ఎప్పటిలాగే ద్రాక్షరసం కాచి సీసాలో పోసుకుని, ఆ సీసాను సంచిలో పెట్టుకుని గుడికి బయలుదేరింది.

*

గుళ్లో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు చాపల మీద కూర్చుంటారు. జీవమ్మ తన చోట కూర్చుంది. కూర్చోగానే ఆమె చుట్టూ చాప ఖాళీ అయింది. ఎవరూ లేచి వెళ్లలేదు. ఒకరు కొంగు సర్దుకుంటూ జరిగారు, ఒకరు బిడ్డను ఎత్తుకుంటూ జరిగారు. మర్యాదస్తులు మనిషిని వెలివేసే పద్ధతి ఇదే. అందులో చప్పుడు ఉండదు.

ప్రార్థనలు అయ్యాయి. పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. ఆయన ఆ సంఘానికి వచ్చి ఏడాది కాలేదు. వయసు ముప్పై దాటలేదు. కమిటీ తీర్మానం మీద సంతకం పెట్టమంటే పెట్టినవాడు. పిలవగానే ఆడవాళ్లు నలుగురేసి వెళ్లి బల్ల ముందు మోకరించడం మొదలైంది. జీవమ్మ వంతు వచ్చింది. ఆమెతోపాటు లేవవలసిన ముగ్గురూ లేవలేదు. ఆమె ఒక్కతే వెళ్లి మోకరించింది.

పక్కగది తలుపు తెరుచుకుంది. ఏసన్న కూతురు నిస్సీ వచ్చింది. ఎనిమిదో నెల గర్భిణి. కాన్పుకని పుట్టింటికి వచ్చి నాలుగు నెలలైంది. రెండు చేతులతో ఒక ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని ఉంది. గ్లాసు నడుముకు ఎర్రదారం. తండ్రి తెమ్మన్నాడు, తెచ్చింది. తలెత్తకుండా వంగి, జీవమ్మ ముందు పెట్టబోయింది.

"కింద పెట్టొద్దు పాపా" అంది జీవమ్మ. "వంగలేవు. నా చేతికియ్యి."

నిస్సీ ఇచ్చింది. జీవమ్మ ఆ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మోకాళ్ల మీదనుంచి లేచి, జనంవైపు తిరిగి నిలబడింది. ఆ గుళ్లో సంస్కారపు వేళ బల్లకు వీపు పెట్టి నిలబడ్డ ఆడది అంతకు ముందు లేదు.

"అయ్యగారూ, ఒక్క మాట చెప్పుకుంటా. మాట్లాడినాక మీ ఇష్టం."

"ఇప్పుడా అమ్మా? ఆరాధన అయినాక..."

"అయినాక అందరూ అన్నానికి పోతారు. ఇప్పుడే." ఆమె గ్లాసు పైకెత్తింది. "మా తాత ఏసోబు ఓబులవారిపల్లె టీ అంగట్లో టీ తాగాలంటే చూరులో చెక్కిన గ్లాసు తీసుకోవల్ల. తాగి, కడిగి, మళ్లా ఆడ్నే చెక్కల్ల. ఆ గ్లాసు వద్దనుకునే ఈ గుడికొచ్చినాడు. ఈడ ఒకటే పాత్ర ఉండాదని, దొర తాగినా మాలోడు తాగినా అదే పాత్రని ఎవురో చెప్తే వచ్చినాడు. ఈడ కూర్చున్నోళ్లందరి తాతలూ అందుకే వచ్చినారు. అవునా కాదా?"

వెనక వరుసలో ముసలివాళ్లు తలలు ఊపారు.

"మరి చూరులో ఉండే గ్లాసు బల్ల మీదికి ఎట్ల వచ్చె? ఎవురు తెచ్చిరి?"

మగవాళ్ల వైపు ముందు వరుసలోంచి ఏసన్న లేచాడు. యాభై అయిదేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, పక్కనే నల్ల తోలుసంచి. గుడికి వచ్చినా ఆ సంచి వదలడు. ఎవరికి ఏ క్షణాన కళ్లు తిరుగుతాయో అని. ఆ సంచి ఆ ఊరికి ఆసుపత్రి, దేవుడి తర్వాత దేవుడు.

"చూడు చెల్లెలా" అన్నాడు శాంతంగా. "నీమీద మాకేం కోపం లేదు. చిన్నపిల్లోళ్లు ఉండారు. కడుపుతో ఉండే ఆడోళ్లు ఉండారు, నా కూతురే ఉండాది. ఎంగిలి కదమ్మా. జాగ్రత్త పడినాం, అంతే."

"ఎంగిలికి రాదన్నా ఇది. కలిసి తింటే రాదు, కలిసి తాగితే రాదు. బిడ్డను ఎత్తుకుంటే రాదు, దగ్గితే రాదు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే వస్తాది. కడపలో సిస్టరమ్మ ముమ్మారు చెప్పి, నాతో ముమ్మారు చెప్పిచ్చుకునె."

"రక్తం కలిస్తేనా?" వెనకనుంచి ఏసేపు గొంతు. సంఘంలో అందరికీ మామ వరస. నోటికి తాళం లేనివాడు. "అట్లయితే నీ రక్తం యాడ పోయి ఎవురితో కలిసెనో చెప్పు మా!"

మగవాళ్ల వైపు ఒక నవ్వు పుట్టింది. అందులోని అర్థం గుళ్లో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. జీవమ్మకూ తెలుసు. పన్నెండేళ్లుగా మొగుడు లేకుండా బతుకుతున్న ఆడదానికి ఆ నవ్వు కొత్త కాదు. ఆమె ఏసేపునే చూసింది.

"ఆ పని మీద్నే వచ్చినా మామా, కూర్చో. నిన్న గడ్డం యాడ గీయించుకుంటివి?"

"ఈరప్ప దగ్గర. యాడ గీయించుకుంటారు?"

"నీ ముందర ఎంతమంది?"

"పదిమంది ఉంటారు. ఈ పొద్దు సంస్కారం కదా."

"పదిమందికీ ఎన్ని బ్లేడ్లు మార్చె?"

ఏసేపు చెయ్యి చెంపమీదికి పోయింది. అక్కడ దవడ కింద ఒక చిన్న గాటు, ఎండిన రక్తపు చుక్క. "ఈరప్ప మంచోడే. డెటాల్ పూస్తాడు."

"ముఖానికి పూస్తాడా, బ్లేడుకు పూస్తాడా?"

ఈసారి నవ్వు ఆడవాళ్ల వైపునుంచి వచ్చింది. జీవమ్మ ఆ వైపు కూడా తిరిగింది.

"నవ్వొద్దు రెజీనా. నీ గొలుసుకు ఉండే పిన్నీసు ఎవురిది?"

రెజీనా గనిలో జీవమ్మ పక్కన కూర్చుని రాయి ఏరుతుంది. అరచేతిలో రాతిపెచ్చు దిగితే ఆ జట్టులో పన్నెండుమంది ఆడవాళ్లూ రెజీనా మెడవైపే చూస్తారు. ఆమె గొలుసుకున్న పిన్నీసు తీసి, పెచ్చు పెకలించి, కొంగుకు తుడిచి మళ్లీ గొలుసుకు తగిలించుకుంటుంది. ఇప్పుడు అప్రయత్నంగా దాన్ని గుప్పిట్లో దాచుకుంది.

"దాయొద్దు. దాంతో నా పెచ్చు తీసినాక నీ పెచ్చు తీసుకుంటివి. రెండు చేతుల్లోనూ రక్తం వచ్చె. నాకు ఈ రోగం ఉండాదని అప్పుడు నాకు తెలీదు, నీకు తెలీదు. తెలీదు కాబట్టే రేపు బండి రమ్మన్నా. ఎవురి పిన్నీసు వాళ్లు పెట్టుకోండి. ఎవురి బ్లేడు వాళ్లు కొనుక్కోని పోండి. పండ్లు తోముకునే బ్రష్షు, గోళ్లు తీసుకునేది, ఒకరిది ఒకరు ముట్టొద్దు. పచ్చ పొడిపించుకోవాలంటే కొత్త సూది అడగండి. నా గ్లాసు మాత్రం మార్చొద్దు. గ్లాసు మార్చుకుంటా కూర్చుంటే ఈరప్ప బ్లేడు మారదు."

*

ఏసన్న చేతులు కట్టుకున్నాడు. ఆమె మాట ఎటు తిరుగుతుందో గ్రహించినవాడిలా ముందే ఎదురొచ్చాడు.

"కడాకు నామీదికి రాబోతాండావు. నాకు తెలుసు. చెప్తా విను, అందరూ వినండి. పదిహేడేండ్ల నుంచి ఈ పేటలో సూది పొడుస్తాండా. శనివారం గని దిగి వచ్చినోళ్లు ముప్పైమంది మా ఇంటి ముందర వరస కట్టి నిలబడతారు. నొప్పులకొక సూది, బలానికొక సూది. ఒక్క మనిషికి పొడిచిన సూది ఇంకో మనిషికి పొడిచి ఉంటే, ఈ బల్ల సాక్షిగా నా చెయ్యి పడిపోవాల. మనిషి మనిషికీ కొత్త సూది. అవునా కాదా, మీరే చెప్పండి!"

"అవును" అన్నారు చాలామంది. "అన్న మార్చకుండా ఎయ్యడు."

"అవును" అంది జీవమ్మ కూడా. "నేనూ సాక్ష్యమే. ఎన్ని శనివారాలు నిలబడినానో లెక్కలేదు. ప్రతిసారీ కొత్త సూదే."

ఏసన్న తెల్లబోయాడు. అబద్ధాలాడే మనిషి అయివుంటే అతన్ని ఓడించడం సులభం. అతను ఆడింది నిజం. అందుకే జీవమ్మ రెండు రాత్రులు ఆలోచించింది.

"అన్నా, ఆ పొడిచేది ఒక్కసారి అందరి ముందరా చూపించు."

"ఇప్పుడా?"

"సంచి పక్కనే ఉండాదే. నీకు భయమేంది? నువ్వు తప్పు చేయలేదంటివి."

గుడి మొత్తం తనను చూస్తోంది. ఏసన్న సంచి తెరిచాడు. కొత్త ప్లాస్టిక్ సిరంజి కవరు చించాడు. చిన్న సూదుల కట్ట తీశాడు. ఎంత శుభ్రంగా పనిచేస్తాడో ఊరు చూడాలన్న ఉత్సాహం అతని వేళ్లలో ఉంది. జీవమ్మ తన సంచిలోంచి ద్రాక్షరసం సీసా తీసి మూత విప్పింది.

అయ్యగారు ఒక అడుగు ముందుకు వేశారు. "జీవమ్మగారూ, అది..."

"ఇది ఆశీర్వదించింది కాదయ్యగారూ. పొద్దున నా పొయ్యి మీద కాచింది, మీ కమిటీ వద్దనింది. మీరు ఆశీర్వదించింది ఆ బల్ల మీద ఉండాది, దాని జోలికి నేను పోలేదు." ఆమె ఏసన్నవైపు తిరిగింది. "ఇది నా రక్తం అనుకో అన్నా. సిరంజిలోకి లాగు. మందంతా నాకు పొడిచినట్టు బయటికి చిమ్మెయ్యి."

ఏసన్న నల్లని రసం లాగి, కిటికీలోంచి బయటికి చివరి బొట్టుదాకా చిమ్మాడు.

"ఇప్పుడు నా పని అయిపోయె. వెనక రెజీనా నిలబడుండాది. శనివారం ఏం చేస్తావో అదే చెయ్యి."

ఏసన్న పాత సూది ఊడదీశాడు. డబ్బాలో వేశాడు. కొత్త సూది తీసి, అదే సిరంజికి బిగించాడు. అలవాటైన చేయి, అర నిమిషం పట్టలేదు. చూసి గర్వంగా జనంవైపు ఎత్తి పట్టుకున్నాడు.

"చూడండి. కొత్త సూది."

"చూస్తిమి. ఇప్పుడు రెజీనాకు మందు లాగు." జీవమ్మ దారం కట్టిన గ్లాసు అయ్యగారి ముందుకు చాచింది. "దీన్నిండా మంచినీళ్లు పొయ్యండి అయ్యగారూ. కమిటీ నాకని తెచ్చింది, నేనే వాడుకుంటాండా."

అయ్యగారు పోశారు. ఏసన్న ఆ గ్లాసులోంచి నీళ్లు లాగాడు. జీవమ్మ తన తెల్లచీర కొంగు రెండు చేతులమీద పరిచి అతని ముందుకు వచ్చింది.

"దీనిమీద చిమ్ము. ఇది రెజీనా చెయ్యి."

అతను చిమ్మాడు.

కొంగు మీద తడి పరుచుకుంది. ముందు నీటి తడిలాగే ఉంది. తర్వాత దాని అంచున, నేరేడుపండు పిసికినట్టు, పలచని ఊదారంగు తేలింది.

జీవమ్మ కొంగును అలాగే చేతులమీద పట్టుకుని మొదటి వరుసనుంచి చివరి వరుసదాకా నడిచింది. ఒక్కొక్కరి ముందూ ఆగింది. రెజీనా ముందు కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఎవరూ జరగలేదు ఈసారి. మెడలు చాచి చూశారు.

"సూది మారె" అంది నడుస్తూనే. "గొట్టం మారలేదు. సూది గొట్టంలోకే కదా తెరుచుకునేది. పొడిచి పీకేటప్పుడు కంటికి ఆననంత రక్తం వెనక్కి వస్తాదంట. ఇది ద్రాక్షరసం కాబట్టి కనపడె. రక్తానికి ఇంత కూడా అక్కర్లేదు. ఆ గొట్టాన్నే మళ్లా మందు సీసాలోకి గుచ్చితే సీసా అంతా పాడే. ముప్పైమందికి ముప్పై సూదులు, ఒకటే గొట్టం, ఒకటే సీసా. అన్న మనల్ని మోసం చేయలేదు. అన్నకు తెలీదు. మనకూ తెలీదు. నొప్పులకు మాత్ర చాలు అని కడపలో చెప్తే, మాత్రకు బలముంటాదా అని నేనే నవ్వినా."

ఏసన్న సిరంజిని కళ్లకు దగ్గరగా పట్టుకుని చూస్తున్నాడు. ఆ ప్లాస్టిక్ మూతి దగ్గర, సూది బిగించే చోట, ఊదారంగు ఉంగరంలా ఒక బొట్టు మిగిలి ఉంది. పదిహేడేళ్లలో అతను ఆ చోటును ఎప్పుడూ చూడలేదు. చూడవలసింది సూది మొననే అనుకున్నాడు.

"ఇంకో మాట" అంది జీవమ్మ, బల్ల దగ్గరకు తిరిగి వచ్చి. "దీనికి ముందర వేయించుకునే టీకా లేదు. వచ్చినాక మందుంది. మూడు నెలలు మాత్రలు, సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తాండారు. నూటికి తొంభై అయిదుమందికి పూర్తిగా పోతాదంట. నేను మొదులుపెట్టి పదకొండు దినాలాయె. తెలుసుకున్నోళ్లు బతుకుతారు. తెలీనోళ్లకు లోపల లోపలే కాలేయం చెడిపోతాది, ఇరవై ఏండ్లకు కడుపుబ్బినాక తెలుస్తాది. రేపు బండి తొమ్మిదికొస్తాది. నేను అడిగేది ఇంతే."

దారం కట్టిన గ్లాసులోని నీళ్లు గడపలో పారబోసింది. పళ్లతో దారం తెంపింది. ఖాళీ గ్లాసు ఏసన్న సంచి పక్కన పెట్టి, వెనక్కి వచ్చి, బల్ల ముందు మళ్లీ మోకరించింది.

"అయ్యగారూ. పాత్ర."

యేసుప్రసాద్ అయ్యగారు కమిటీవాళ్లవైపు చూశారు. వాళ్లు చాపల వైపు చూస్తున్నారు. తాను సంతకం ఎంత సులువుగా పెట్టారో ఆయనకు ఆ క్షణాన గుర్తుకు వచ్చి ఉండాలి, చెవులు ఎర్రబడ్డాయి. పానపాత్ర రెండు చేతులా ఎత్తి, తీసుకొచ్చి, ఆమె పెదవులకు అందించారు. జీవమ్మ తాగింది. అందరూ తాగే పాత్రలో, అందరూ తాగినంతే తాగింది.

అయ్యగారు అంచు తుడిచి, పాత్ర పట్టుకుని నిలబడ్డారు. ఆమె పక్కన చోటు ఖాళీ. తర్వాత ఎవరు? ఆ ఖాళీ చోటు అలాగే ఉండిపోతే, ఇంతవరకు చూసిందంతా ఒక వినోదం; సోమవారం బండి వట్టిదిగా కడపకు తిరిగిపోతుంది.

పక్కగది గుమ్మంలోంచి నిస్సీ కదిలింది. ఒక చేయి నడుముకు ఆనించుకుని, మెల్లగా వచ్చి, జీవమ్మ భుజం ఆసరా పట్టుకుని మోకరించింది.

"నిస్సీ!" అన్నాడు ఏసన్న.

ఆమె తాగింది. తుడుచుకోలేదు. అప్పుడు తండ్రివైపు తిరిగింది.

"నాయినా, శనివారం వరస అంతా అయిపోయినాక సీసాలో రొంత మందు మిగుల్తాది కదా. పారేస్తే పాపమని, బలమని, దాన్ని ఇంటికి తెచ్చి నాకు ఏస్తాంటివే."

ఏసన్న చేతిలో సిరంజి ఇంకా అలాగే ఉంది.

"అప్పుడు గొట్టం మారిస్తివా?"

అతను తల అడ్డంగా ఊపాడు. నిస్సీ కడుపుమీద చేయి వేసుకుంది.

"ఎన్ని శనివారాలు నాయినా?"

పదిహేడేళ్లుగా ఊరి ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పిన మనిషి వేళ్లమీద లెక్క మొదలుపెట్టాడు. సిరంజి చాప మీద పడింది. ఎడమచేతి బొటనవేలు మడిచాడు. చూపుడువేలు మడిచాడు. ఒక్కొక్క వేలు దగ్గరా ఒక్కొక్క శనివారాన్ని గుర్తు తెచ్చుకుంటూ మడిచాడు. అయిదు వేళ్లూ అయిపోయాయి.

లెక్క ఇంకా మిగిలింది. ఏసన్న కుడిచేయి పైకెత్తాడు.